రోజ్‌మిల్క్ కాదు, కుండీలో గులాబీ: ఇద్దరికీ ఒకే సెంటు ఎంచుకోవడం

గులాబీ సెంటు కొందామన్నాను. మా ఆయన ముఖం చిట్లించారు. “రోజ్‌మిల్క్ వాసన వేసుకుని చెరువు గట్టు మీద తిరగమంటావా?” అన్నారు. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు చూసుకునే మనిషి, ఆయన భయం ఆయనది.

భయంలో న్యాయం లేకపోలేదు. ‘రోజ్’ అని రాసి ఉన్న సీసాలు చాలావరకు రాజమండ్రి రోజ్‌మిల్క్ దారిలోనే పోతాయి. పంచదార, పాలు, ఆ పైన గులాబీ. రోజ్‌మిల్క్‌కి నేను శత్రువుని కాను. మిట్టమధ్యాహ్నం గోదావరి గట్టున తిరిగొచ్చి చల్లగా ఒక గ్లాసు తాగితే ప్రాణం లేచొస్తుంది. కానీ తాగడానికి బాగున్నదల్లా ఒంటికి పూసుకోవడానికి బాగుండదు. మన చెమటలో తీపి వాసన పులుస్తుంది.

నేను వెతికిన గులాబీ వేరు. కడియపులంకలో ఏదో ఒక నర్సరీలోకి వెళ్లి, అప్పుడే నీళ్లు పోసిన నాటు గులాబీ కుండీ మీదకి వంగి చూడండి. ముందు పువ్వు తగులుతుంది. ఆ వెనకే ఆకు పచ్చివాసన, కొమ్మ వగరు, అన్నిటికీ అడుగున తడిసిన మట్టి. పువ్వొక్కటీ కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇవేవీ ఉండవు. సెంట్ల వాళ్లు ‘ఎర్తీ రోజ్’ అనేది ఆ కుండీ మొత్తాన్ని. ఆడా మగా ఎవరైనా వేసుకోవచ్చని డబ్బా మీద యూనిసెక్స్ అని కూడా రాస్తారు.

అది మనకి కొత్త సంగతేమీ కాదు. పెళ్లి పందిరి గుమ్మంలో పన్నీరు చిలకరించి, చేతికి గంధం రాసేవాళ్లు వచ్చింది బాబాయా పిన్నా అని చూసి రాయరు. పన్నీరంటే గులాబీ నీళ్లు, గంధమంటే చెక్క. రెండూ కలిపి అందరికీ పంచేశాం ఎప్పుడో. గులాబీ ఆడవాళ్లకీ చెక్క మగవాళ్లకీ అని వేరు చేసింది దుకాణాల్లో అరలు.

సీసా ఎంచుకునేటప్పుడు నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. గులాబీ గురించి తక్కువ, దాని కింద ఏముందన్నది ఎక్కువ చూసుకోవాలి. ఇక్కడి ఉక్కపోతలో పైనున్న పువ్వు గంటా రెండు గంటల్లో పలచబడిపోతుంది. సాయంత్రం బస్సు దిగేదాకా మీతో ఉండేది అడుగున ఉన్నదే.

ముందు గులాబీ ధర సంగతి

అత్తరుకి వాడేది మనం దండల్లో గుచ్చే బెంగళూరు గులాబీ కాదు. పన్నీరు గులాబీ జాతి, శాస్త్రీయంగా రోజా డమాసినా అంటారు. బల్గేరియాలో కజాన్‌లక్ లోయ, టర్కీలో ఇస్పార్తా, మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్, కన్నౌజ్ వైపు దీనికి పేరు. తెల్లారగట్లే కోసి, ఎండ ముదరకముందే బట్టీకి చేర్చాలి. ఒక కిలో నూనె రావాలంటే మూడు నాలుగు వేల కిలోల పువ్వులు పోయాలి. అంటే ఒక్క మిల్లీలీటరుకి దగ్గర దగ్గర మూడు కిలోలు. కడియపులంక పూల మార్కెట్లో విడి గులాబీ కిలో ఎంత పలుకుతుందో ఒకసారి అడిగి, మూడుతో గుణించండి. ఆ తరవాత వంద రూపాయల సీసా మీద ‘ప్యూర్ రోజ్ ఆయిల్’ అన్న మాట చదవండి. నవ్వొస్తుంది.

అలాగని గులాబీ నూనె లేని సెంటు మోసమేం కాదు. జెరేనియం ఆకు నూనెతోనూ, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ లాంటి పదార్థాలతోనూ చక్కటి గులాబీ కడతారు. ఈ ఆల్కహాల్ అసలు పువ్వులోనూ ఉంటుంది. కాకపోతే నీళ్లలో కరుగుతుంది కాబట్టి బట్టీ పెట్టినప్పుడు చాలావరకు నూనెలోకి రాకుండా పన్నీరులోకి వెళ్లిపోతుంది. పన్నీరు చవకైనా పువ్వుకి అంత దగ్గరగా ఉండటం అందుకే. మోసమల్లా లేనిదాన్ని ఉందని చెప్పి అమ్మడం. ఆ సంగతికి తరవాత వస్తాను, నేను ఒకసారి మునిగాను.

మట్టి: చెరువులో చేదు, సీసాలో తీపి

తొలకరి పడగానే వచ్చే వాసనకి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన ముక్క జియోస్మిన్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. మనిషి ముక్కు దీన్ని పట్టేసినంత తేలిగ్గా మరి దేన్నీ పట్టదేమో! నీళ్లలో లక్ష కోట్ల పాళ్లలో నాలుగైదు పాళ్లున్నా తెలిసిపోతుంది.

ఇది చదివి వినిపిస్తే మా ఆయన పడీ పడీ నవ్వారు. ఎందుకంటే చెరువు చేపలో బురద వాసన అంటాం చూడండి, అది చాలావరకు ఇదే. నీటి నాచు పెరిగిన చెరువులో బొచ్చె, శీలావతి కండకి ఈ వాసన పడుతుంది. శుభ్రమైన నీళ్లలో కొన్నాళ్లు ఉంచితే తగ్గుతుంది. “మేం వదిలించుకోవడానికి నానా తంటాలు పడుతుంటే నువ్వు డబ్బులిచ్చి కొంటానంటావేంటి?” అని ఆయన వాదన. ఇంకో ముచ్చట: జియోస్మిన్ పులుపుకి విరిగిపోతుంది. చెరువు చేపకి చింతపండు పులుసే ఎందుకు నప్పుతుందో మా అత్తగారికి కెమిస్ట్రీ లేకుండానే తెలుసు.

కన్నౌజ్‌లో ఈ వాసననే పట్టి సీసాలో పెడతారు. కాల్చిన మట్టి బిళ్లల్ని, పెంకుల్ని రాగి డేగిశాలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనె ఉన్న పాత్రలోకి పంపిస్తారు. రోజుల తరబడి అలా చేస్తే గంధం నూనె మట్టివాసన తాగుతుంది. అదే మిట్టీ అత్తరు. మొదటిసారి మూత తీసినప్పుడు నాకు గుర్తొచ్చింది వాన కాదు, కాలువ. ఎండాకాలం కట్టేసిన కాలువలోకి జూన్‌లో నీళ్లు వదిలినప్పుడు, నెర్రెలిచ్చిన అడుగు తడుస్తూ ఉంటే వంతెన మీద నిలబడి చూసినవాళ్లకి ఆ వాసన తెలుస్తుంది.

అయితే మిట్టీ అత్తరు ఒక్కటీ పూసుకుంటే మనిషి కొత్తగా అలికిన ఇల్లులా ఉంటాడు. గులాబీ అత్తరు కింద వేస్తేనే దానికి అర్థం. మణికట్టు మీద మిట్టీ ఒక చుక్క, అయిదు నిమిషాలాగి దాని మీద గులాబీ అర చుక్క. చవకలో, రెండు చిన్న సీసాలతో, ఈ రకం మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు. పడకపోతే పోయేది తక్కువ.

వట్టివేరా, పచౌలీనా

అసలు పోటీ ఈ రెంటి మధ్యే.

వట్టివేరు గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కిటికీకి కట్టిన తడికల మీద నీళ్లు చల్లితే వచ్చే చల్లదనం, మంచినీళ్ల కుండలో వేసిన వేళ్ల కట్ట. అది గడ్డి వేరు. మట్టిలోనే పెరిగి మట్టినే మోసుకొస్తుంది. దాన్ని గులాబీ కింద పెడితే పువ్వులోని తీపిని లాగేసి, పొడిగా, కొంచెం చేదుగా, నీడపట్టున కూర్చున్నట్టు చేస్తుంది. కన్నౌజ్‌లో తీసే వట్టివేరు నూనె, రూహ్ ఖస్ అంటారు, చిక్కగా, పచ్చగా, ఘాటుగా ఉంటుంది. స్ప్రేల్లో వాడే వట్టివేరు నూనె ఎక్కువగా హైతీ, ఇండోనేషియాల నుంచి వస్తుంది. జావా వైపుది కాస్త పొగ వాసన, హైతీది శుభ్రంగా ఉంటుంది. చైత్రం నుంచి రోహిణి కార్తె దాటేదాకా మన దగ్గర వేసుకోదగ్గ మట్టి గులాబీ ఇదొక్కటే అని నా గట్టి అభిప్రాయం. చెమట పట్టినా పాడవదు. ఆఫీసులో పక్క కుర్చీ వాళ్లకి తలనొప్పి తేదు. ఒక్క లోపం, కొంతమందికి ఇది ‘కూలర్ వాసన’గానే మిగిలిపోతుంది. చిన్నప్పటి కూలర్ గడ్డి బూజు పట్టిన జ్ఞాపకం ఉన్నవాళ్లకి అసలు పడదు.

పచౌలీ వేరు కాదు, ఆకు. తులసి కుటుంబంలోని ఒక మొక్క ఆకుని ఎండబెట్టి నూనె తీస్తారు. ఇప్పుడు ఎక్కువగా పండించేది ఇండోనేషియా. ఆకే అయినా వాసన మాత్రం పాత నేల మాళిగ, తడి చెక్క, అడుగున చిన్న చాక్లెట్ తీపి. ఏళ్లు గడిచేకొద్దీ నూనె నునుపెక్కుతుంది, ఆవకాయ ఊరినట్టు. గులాబీ, పచౌలీ జత సెంట్ల ప్రపంచంలో చాలా పాతది, చాలా నడిచినది. నిలబడటంలో వట్టివేరు దీని ముందు దిగదుడుపే. ఉదయం రాసుకున్నది రాత్రి దిండు మీద కూడా తెలుస్తుంది.

ఇక నా ఘనకార్యం. మే నెలలో, రాజమండ్రి నుంచి అమలాపురం బస్సులో, ఒక చిక్కటి పచౌలీ గులాబీ మూడు స్ప్రేలు కొట్టుకుని ఎక్కాను. రావులపాలెం వచ్చేసరికి నా పక్కనున్న పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, “అమ్మాయ్, ట్రంకుపెట్టెలోంచి తీసిన చీరా?” అని అడిగింది. ఆవిడ మాటలో చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశం శాలువలు ఐరోపాకి పంపేటప్పుడు పురుగు పట్టకుండా మడతల్లో ఎండు పచౌలీ ఆకు వేసేవాళ్లు. పెట్టె వాసన, పచౌలీ వాసన అప్పటి నుంచీ చుట్టాలే. అంతా తెలిసి కూడా ఆ సీటులో నాకు ఒకటే టెన్షన్, ఎప్పుడు దిగుతానా అని.

కాబట్టి పచౌలీని వానాకాలం సాయంత్రాలకీ, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పొగమంచు పొద్దులకీ దాచండి. అప్పుడు దానంత బాగుండేది లేదు. ఒక్క స్ప్రే చాలు.

ఈ రెంటి మధ్యలో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది, నాగరమోథ. వరి చేలో కలుపు కింద పీకి గట్టున పడేసే తుంగకి దగ్గర చుట్టం. సున్నిపిండిలో తుంగముస్తలు వేసుకున్న ఇళ్లలో ఈ వాసన కొత్త కాదు. పొడి మట్టి, కొంచెం పొగ, కొంచెం తోలు. విదేశీ సెంట్లలో దీన్ని ‘సిప్రియాల్’ అన్న పేరుతో బోలెడు వాడతారు, అగరు ఖరీదు భరించలేనప్పుడు ముఖ్యంగా. సీసా వివరాల్లో ఆ పేరు కనిపిస్తే భయపడకండి, మన గట్టు మీది తుంగ చుట్టమే.

అగరు, అంటే ఊద్, గులాబీతో కలిసింది గల్ఫ్ నుంచి వచ్చిన మనవాళ్ల సూట్‌కేసుల్లో కోనసీమ అంతా తిరుగుతుంది. పెళ్లికి బాగుంటుంది. రోజువారీకి బరువు. ఇంతకంటే చెప్పను.

అత్తరా, స్ప్రేనా

అత్తరులో స్పిరిట్ ఉండదు. ఒంటిని అంటిపెట్టుకుని నెమ్మదిగా వస్తుంది, దగ్గరకొస్తేనే తెలుస్తుంది. చెవి మడతలో అత్తరు దూది పెట్టుకునే పాత అలవాటు ఇక్కడి తేమకి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ చెమట తక్కువ. స్ప్రే అయితే తీసిన వెంటనే విచ్చుకుంటుంది, పై పొరల్లో నిమ్మ, మిరియం లాంటి చమత్కారాలుంటాయి, కొలత కుదురుతుంది. మామూలుగా ఈడీటీ అని రాసినది పలచన, ఈడీపీ చిక్కన. మన వేసవికి ఈడీటీయే సుఖం, మధ్యాహ్నం ఇంకో స్ప్రే కొట్టుకున్నా భారమనిపించదు. మట్టి గులాబీలు ఈడీటీలో తక్కువ దొరుకుతాయి, అదే బాధ. ఈడీపీ దొరికితే స్ప్రేల సంఖ్య తగ్గించుకోవడమే.

నా అత్తరు కథ: ఒక ఊళ్లో, ఒక కొట్లో, ‘గంధం మీద తీసిన అసలు గులాబీ’ అని చెప్పి చిన్న చెక్కుడు సీసా ఒకటి బాగా ఖరీదు కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి రాసుకుంటే చేతి మీద కొబ్బరినూనెలా జిడ్డుగా నిలబడింది. పొద్దున్న ఏ వాసనో రాత్రీ అదే వాసన, అచ్చం అగరబత్తి పొడి. గంధం ధర పెరిగాక చాలామంది ద్రవ పారాఫిన్ లాంటి వాసన లేని నూనెల మీదే అత్తరు కలుపుతున్నారు. అలా కలిపినదాన్ని దానికి తగ్గ ధరకే అమ్మితే పేచీ లేదు. అప్పటి నుంచి నా పరీక్ష ఒకటే. మంచి అత్తరు గంట గంటకీ మారాలి. పువ్వు తగ్గి చెక్క పైకి రావాలి. మారకుండా ఒకే పాట పాడితే నేను కొనను.

పేరు మోసిన స్ప్రేల్లో చిన్న శాంపిల్ సీసాలు తెప్పించి చూసినవి కొన్ని చెప్తాను. పూర్తి సీసాలు వేలకి వేలు కాబట్టి ఇవి కొనమని కాదు, ముక్కుకి కొలబద్దలుగా పనికొస్తాయని. లార్టిజన్ పర్ఫ్యూమర్ వాళ్ల వొలూర్ ద రోజ్ 1993 నాటిది, గులాబీ పచౌలీ జతకి పాఠ్యపుస్తకం లాంటిది, అచ్చం వాన పడ్డ తోట. టామ్ ఫోర్డ్ నోయిర్ ద నోయిర్ ఇంకా చీకటి, కుంకుమపువ్వు, పుట్టగొడుగు మట్టి. మన దగ్గర జనవరికి మాత్రమే. ఫ్రెడరిక్ మాల్ పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ 2010లో వచ్చింది. పేరులో లేడీ ఉన్నా ధూపం, పచౌలీ దట్టించిన గులాబీ. మా ఆయన మెచ్చింది దాన్నే, పేరు మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నారు. లె లాబో రోజ్ 31 లో గులాబీతో జీలకర్ర, వట్టివేరు, దేవదారు ఉంటాయి. ఏసీ గదిలో అద్భుతం. భీమవరం జూన్‌లో ఆ జీలకర్ర ముందు చెమటై, తరవాత తాలింపై కూర్చుంది.

కొట్లో చూసేటప్పుడు

కాగితం ముక్క మీద చూసి కొనకండి. కాగితానికి చెమట పట్టదు. చేతి మీద ఒకటే, మరీ అయితే రెండో చేతి మీద ఇంకోటి, అంతే. మూడోది చూస్తే ముక్కు మొద్దుబారుతుంది. కాఫీ గింజలు వాసన చూడమంటారు కొందరు, దానికంటే మీ చీర కొంగో చొక్కా చెయ్యో వాసన చూసుకుంటే మేలు. రాసుకుని బయటికి రండి. బజారు చూసుకోండి, ఎండలో నడవండి, భోజనం చేయండి. నాలుగు గంటల తరవాత అడుగున మిగిలినది నచ్చితే అప్పుడు వెనక్కి వెళ్లి కొనండి. వీలైతే ఉక్కగా ఉన్న రోజే వెళ్లండి. ఏసీ కొట్లో చల్లగా నచ్చిన గులాబీ ఆటోస్టాండ్‌లో వేరే మనిషవుతుంది.

ఇద్దరికీ ఒకే సీసా అయితే ఇద్దరి చేతుల మీదా చూడాలి. మాకు తేడా బాగా కనపడింది. నా ఒంటి మీద పువ్వు ఎక్కువసేపు ఉంటుంది, ఆయన ఒంటి మీద అరగంటకే వేరు బయటపడుతుంది. ఒకే సెంటు రెండు సెంట్లుగా వినపడటం కూడా ఒక లాభమే.

వేసుకోవడం

స్నానం అయిన వెంటనే, ఒళ్లు తుడుచుకుని, చెమ్మ ఆరాక వేసుకోండి. ఒంటికి కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే ఆ వాసన ముందు కలుస్తుంది. గులాబీ, కొబ్బరి కలిస్తే మళ్లీ మిఠాయి కొట్టే. వాసన లేని మాయిశ్చరైజర్ కొద్దిగా రాస్తే సెంటు నిలుస్తుంది. మణికట్లు ఒకదానికొకటి రాసుకోవడం మానేయండి. మోచేతి మడత, మెడ వెనక, మోకాలి వెనక చాలు. చంకల దగ్గర వద్దు, అక్కడ చెమట గెలుస్తుంది. కొత్త సెంటయితే మోచేతి లోపల ఒక చుక్క వేసి ఒక రోజు చూడండి, దద్దురు వస్తే ఆపేయండి.

అత్తరు తెల్ల పంచె మీద, పట్టుచీర మీద మరక చేస్తుంది. ముందు ఒంటికి రాసుకుని, ఆరాకే కట్టుకోవాలి. ముత్యాలు, రోల్డ్‌గోల్డ్ నగలు ఆఖరున పెట్టుకోవాలి, స్ప్రేకి మెరుపు పోతుంది. స్ప్రేలో ఉన్నది స్పిరిట్, మంట అంటుకుంటుంది. కొట్టుకున్న వెంటనే దీపారాధనకీ పొయ్యి దగ్గరకీ వెళ్లకండి. తలలో మల్లెపూలు పెట్టుకున్న రోజు సెంటు అక్కర్లేదు. మల్లె ఎవరితోనూ సర్దుకోదు.

సీసాని అద్దం బల్ల మీద ఎండ పడేచోట పెట్టడం, కారులో వదిలేయడం రెండూ తప్పే. వేడికీ వెలుగుకీ ముందు పాడయ్యేది పైనున్న సున్నితమైన భాగమే. చీకటి బీరువా అర మంచిది, డబ్బాతో సహా.

మేం చివరికి తీసుకున్నది గులాబీ, వట్టివేరు, కొంచెం నాగరమోథ ఉన్న ఒక మామూలు స్ప్రే. వాన రోజుల కోసం మిట్టీ అత్తరు చిన్న సీసా ఒకటి. చెరువు దగ్గరికి వెళ్లే రోజు సెంటు వద్దని ఆయన నియమం పెట్టుకున్నారు. మొన్న పొద్దున్నే నేను బీరువా తీసేసరికి సీసా లేదు. వెతికితే ఆయన బండి డిక్కీలో దొరికింది, మేత లెక్కల పుస్తకం కింద. సంజాయిషీ అడిగితే, “గట్టు మీద గాలి వాటు తిరిగినప్పుడు నీకేం తెలుసు” అన్నారు. డిక్కీ వేడికి సెంటు పాడవుతుందని చెప్పి పట్టుకొచ్చి, మళ్లీ అరలో పెట్టాను.